సొరంగం తవ్వడం అయిపోయినా మెట్రో స్టేషన్ ఎందుకు పూర్తికాదు?

బెంగళూరు టానరీ రోడ్డు దగ్గర మీ నాన్నగారికి దుకాణం ఉందని, 2024 అక్టోబరు చివర్లో గులాబీ మెట్రో మార్గంలోని ఆఖరి టీబీఎం (సొరంగం తవ్వే యంత్రం) నాగవారలో బయటికి వచ్చిన వార్త చూసి ఇక రోడ్డు తెరుచుకుంటుందని ఇంట్లో అందరూ ఆశపడ్డారని, అయినా దుకాణం ముందున్న బ్యారికేడ్లు ఆ తరువాత కూడా కదలలేదని రాశారు. అసలు కష్టం సొరంగానిదే కదా, అది ముగిశాక ఇంకేం మిగులుతుంది అన్నది మీ మొదటి ప్రశ్న. రోడ్డంతా మూయకుండా స్టేషన్ కట్టలేరా అన్నది రెండోది.

ముందుగా సూటి జవాబు. భూగర్భ మార్గంలో కాలాన్ని తినేది స్టేషన్, సొరంగం కాదు. పైగా టీబీఎంలు నడుస్తున్నంత కాలం చాలా స్టేషన్ల గుంతలు సొరంగానికే సేవ చేస్తూ ఉంటాయి కాబట్టి, యంత్రం వెళ్లిపోయిన తరువాతే అక్కడ స్టేషన్ కట్టడం నిజంగా ఊపందుకుంటుంది. రోడ్డంతా మూయకుండా కట్టే పద్ధతి ఉంది, మన దేశంలో వాడుతున్నారు కూడా. అయితే దానికి తగినంత వెడల్పున్న వీధి కావాలి, మీ వైపు వీధులకు ఆ వెడల్పు లేదు.

నేను నేల, పునాదుల వైపు ఇంజనీరును. చెన్నై మొదటి దశలో అన్నా సాలై కింద, తరువాత బెంగళూరులో పనిచేశాను. ఈ రెండు నగరాల నేలలకు పోలిక లేదు, అందుకే కింద రెండింటినీ ప్రస్తావిస్తాను.

గులాబీ మార్గం కాళేన అగ్రహార నుంచి నాగవార వరకు సుమారు 21 కిలోమీటర్లు. అందులో డెయిరీ సర్కిల్ నుంచి నాగవార దాకా దాదాపు 14 కిలోమీటర్లు భూమి కింద, 12 స్టేషన్లతో సాగుతుంది. తొమ్మిది టీబీఎంలను దింపారు. వాటిలో మొదట బయటపడింది ఊర్జా, 2021 సెప్టెంబరు 22న శివాజీనగర్‌లో. ఆఖరున వచ్చింది భద్ర, 2024 అక్టోబరు 30న నాగవారలో. అంటే రానూ పోనూ రెండు గొట్టాలు కలిపి దాదాపు 21 కిలోమీటర్ల సొరంగంలో, మొదటి యంత్రం బయటపడిన రోజు నుంచి ఆఖరిది బయటపడిన రోజు వరకు మూడేళ్లు పట్టింది. బెంగళూరు రాతిలో ఇది తీసిపారేయవలసిన వేగం కాదు.

ఇప్పుడు స్టేషన్ గుంత సంగతి. టీబీఎం అంటే ముందుండి నేలను కోసే చక్రం, అంటే కట్టర్ హెడ్, ఒక్కటే కాదు. దాని వెనక విద్యుత్ పరికరాలు, పంపులు, గ్రౌట్ (సిమెంటు ద్రావణం) ట్యాంకులు, సెగ్మెంట్లను అందించే క్రేన్లు మోసుకుంటూ వంద మీటర్ల వరకు బళ్లు ఉంటాయి. ఇదంతా స్టేషన్ గుంతలోకి ముక్కలుగా దిగి అక్కడే కూర్చబడుతుంది. యంత్రం ముందుకు కదిలాక కూడా తవ్విన మట్టి, రాతి ముక్కలు ఆ గుంత గుండానే పైకి రావాలి, సొరంగం లోపల పేర్చే కాంక్రీటు సెగ్మెంట్లు ఆ గుంత గుండానే కిందికి దిగాలి, గాలి గొట్టాలు, నీటి గొట్టాలు, కూలీలు అందరికీ అదే దారి. ఇందుకోసం పై కప్పులోనూ, మధ్య అంతస్తు స్లాబులోనూ పెద్ద పెద్ద ఖాళీలు వదిలివేస్తారు. గుంత మీద గ్యాంట్రీ క్రేన్ నిలబడి ఉంటుంది. ఆ ఖాళీలు మూస్తే సొరంగం ఆగిపోతుంది, మూయకపోతే స్టేషన్ ఎదగదు. టీవీలో మీరు చూసిన పూలదండలు, జెండాలు సొరంగం బృందానివి. స్టేషన్ బృందానికి ఆ రోజే స్థలం చేతికి వస్తుంది.

యంత్రం మధ్యలో దాటిపోయే స్టేషన్లది ఇంకో రకం ఇబ్బంది. టీబీఎం వచ్చేసరికి అక్కడ గుంత పూర్తిగా తవ్వి, అడుగు స్లాబు పోసి సిద్ధంగా ఉంచితే, దాన్ని పట్టాల మీద లాగి అవతలి గోడ దగ్గర మళ్లీ మొదలుపెట్టవచ్చు. గుంత సిద్ధంగా లేకపోతే యంత్రం గోడ అవతల మట్టిలోనే ఆగి ఎదురుచూడాలి, అలా ఆగడం మంచిది కాదు. కనుక స్టేషన్ ఆలస్యమైతే సొరంగం ఆలస్యమవుతుంది, సొరంగం ఆలస్యమైతే స్టేషన్ కప్పు ఆలస్యమవుతుంది. బెంగళూరు మొదటి దశలోనే దీన్ని చూశాం. కబ్బన్ పార్క్ నుంచి సిటీ రైల్వే స్టేషన్ వరకు ఊదా మార్గపు భూగర్భ భాగం 2016 ఏప్రిల్‌లో తెరుచుకుంటే, చిక్‌పేట, కేఆర్ మార్కెట్ కింది ఆకుపచ్చ మార్గం కేవలం నాలుగు కిలోమీటర్లే అయినా 2017 జూన్ వరకు ఆగవలసి వచ్చింది. అక్కడ యంత్రాలకు ఎదురైన నేల అలాంటిది.

నేల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆలస్యంలో పెద్ద వాటా దానిదే. బెంగళూరు కింద ఉన్నది నైస్, గ్రానైట్ రాయి. రాయి ఒక్కటే అయితే ఇబ్బంది లేదు, నిదానంగానైనా నిలకడగా కోయవచ్చు. ఇక్కడ పైన కొన్ని మీటర్లు మొరం, దాని కింద సగం కుళ్లిన రాయి, అందులో అక్కడక్కడా ఏనుగంత గుండ్లు, ఆ తరువాత గట్టి రాయి; వీటి మధ్య హద్దు ఒక్కచోట కూడా సమంగా ఉండదు. కట్టర్ హెడ్ కింది సగం రాతిని, పై సగం వదులు మట్టిని ఒకేసారి తాకుతున్నప్పుడు రాయి కదలదు, మట్టి మాత్రం అవసరానికి మించి లోపలికి వచ్చేస్తుంది. ఆ మిగులు మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో పైన రోడ్డు చెబుతుంది. 2023 జనవరిలో బ్రిగేడ్ రోడ్డు, షూలే సర్కిల్ దగ్గర రోడ్డు ఉన్నట్టుండి కుంగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. చెన్నైలో 2017 ఏప్రిల్‌లో అన్నా సాలై మీద ఒక సిటీ బస్సు, ఒక కారు గుంతలోకి దిగిపోయినప్పుడు అదృష్టవశాత్తూ ప్రాణనష్టం జరగలేదు.

దీనికి తోడు ఈ నగరానికి పూడిపోయిన చెరువులు ఎక్కువ. మెజెస్టిక్ బస్టాండు ఉన్న చోటు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం ఉన్న చోటు సంపంగి చెరువు. పటంలో లేని పాత దిగుడు బావులు, వాటి మీద కట్టుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. పాత వీధుల్లో పని మొదలుపెట్టే ముందు ఇంటింటికీ వెళ్లి, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లను, ‘ఇక్కడ ఎక్కడైనా బావి ఉండేదా’ అని అడగడం మాకు పరిపాటి. బోరు పరీక్షల నివేదికలో దొరకని సమాచారం చాలాసార్లు అలా దొరుకుతుంది.

స్టేషన్ గుంత తవ్వడంలో ఇదే నేల వేరే రూపంలో ఎదురవుతుంది. చెన్నైలో సముద్రం వైపు ఇసుక, బంకమట్టి. నీరు కొద్ది మీటర్లలోనే తగులుతుంది. అక్కడ చుట్టూ డయాఫ్రం గోడ కట్టడం తప్పనిసరి: సన్నటి లోతైన కాలువ తవ్వుతూ, అంచులు కూలకుండా బెంటొనైట్ అనే బంకమట్టి ద్రవంతో నింపుతూ, ఇనుప పంజరం దింపి, కింది నుంచి కాంక్రీటు పోస్తూ ద్రవాన్ని పైకి నెట్టాలి. గోడ వచ్చాక లోపలి మట్టి తీయడం వేగంగానే సాగుతుంది. సైదాపేట, గిండీ వైపు వెళ్లేసరికి చార్నొకైట్ అనే గట్టి రాయి తగిలి కథ మారుతుంది. బెంగళూరులో గోడకు పైల్స్ (నేలలోకి దింపే కాంక్రీటు స్తంభాలు) చాలు, కానీ లోపలి రాతిని తీయడమే మహాయజ్ఞం. ఇళ్ల మధ్య మందు పేల్చాలంటే అనుమతులు, నిర్ణీత వేళలు, పైన కప్పే బరువైన చాపలు, చుట్టుపక్కల కట్టడాల మీద కంపనాన్ని కొలిచే మీటర్లు ఉండాలి. కొలత హద్దు దాటితే మరుసటి రోజు మందు తగ్గించాలి. మందు తగ్గితే రాయి తక్కువ పగులుతుంది. ఆసుపత్రి, గుడి, మసీదు, చర్చి, పాత పెంకుటిల్లు దగ్గరైతే పేలుడు పూర్తిగా మానేసి, రంధ్రాలు వేసి యంత్రంతో చీల్చవలసిందే. ఆ పని గుంత పక్కన నిలబడి చూసేవారికి ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. మీ నాన్నగారికి కూడా అలాగే అనిపించి ఉంటుంది.

గుంత తవ్వక ముందరి కాలం ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. రోడ్డు కింద తాగునీటి గొట్టాలు, మురుగు గొట్టాలు, విద్యుత్ కేబుళ్లు, టెలిఫోన్ తీగలు, వర్షపు నీటి కాలువలు ఉంటాయి. వాటిని పక్కకు మార్చనిదే ఒక్క పైల్ కూడా దింపలేం. పటాలను నమ్మి యంత్రం పెట్టడానికి వీల్లేదు, కనుక చేతి పనిముట్లతో అడ్డంగా సన్నని కాలువలు తవ్వి చూస్తారు. ఒకసారి అలాంటి కాలువలో, పటం ప్రకారం ఇనుప గొట్టం ఉండవలసిన చోట, సున్నంతో కట్టిన ఇటుక కమాను తగిలింది. ఇద్దరు మనుషులు వంగి నడవగలిగినంత పాత కాలువ అది, లోపల నీరు పారుతూనే ఉంది, ఏ శాఖ పటంలోనూ లేదు. నీరు ఎక్కడి నుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో తేల్చి, దానికి మారుదారి కట్టేవరకు ఆ వైపు పని ఆగింది. బయట బ్యారికేడ్ మీద మాత్రం ‘పని జరుగుతున్నది’ అన్న బోర్డు యథాతథంగా ఉంది.

సొరంగం ముగిశాక మిగిలేవాటిలోకి వద్దాం. రెండు గొట్టాలను అక్కడక్కడా కలిపే అడ్డదారులు తవ్వాలి. ఎన్‌ఎఫ్‌పీఏ 130 అనే అగ్నిభద్రత ప్రమాణం ప్రకారం ఇవి 244 మీటర్లకు మించిన దూరంలో ఉండకూడదు. ఇవి టీబీఎంతో తవ్వేవి కావు. పేర్చిన సెగ్మెంట్లను కోసి, చుట్టూ నేలను గ్రౌటుతో గట్టిపరచి, కొద్దికొద్దిగా మనుషులు తవ్వవలసినవి. నీరు ఊరే చోట ఒక్క అడ్డదారి నెలల తరబడి పట్టవచ్చు. ఆ తరువాత పట్టాలు, విద్యుత్తు, సిగ్నలింగ్, ప్లాట్‌ఫాం అంచు తలుపులు, పొగను బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు. ఈ ఫ్యాన్లకు రోడ్డు పక్కన గాలి బురుజులు కావాలి, వాటికి స్థలం కావాలి. అదే ప్రమాణం మంటలు వచ్చినప్పుడు ప్లాట్‌ఫాం 4 నిమిషాల్లో ఖాళీ కావాలని, ప్రయాణికులు 6 నిమిషాల్లో సురక్షిత స్థలానికి చేరాలని అంటుంది. కనుక ఎన్ని మెట్లు, ఎన్ని ద్వారాలు అన్నది మనకు నచ్చినట్టు తేల్చేది కాదు. నా అనుభవంలో ఆఖరున మిగిలేది ఎప్పుడూ ద్వారాలే. స్టేషన్ ప్రధాన పెట్టె, అంటే భూగర్భ కట్టడం, రోడ్డు కిందో మైదానం కిందో ఉంటుంది, ద్వారం మాత్రం ఎవరిదో ఒకరి స్థలంలోకి రావాలి. ఒక్క ఆస్తి వివాదం కోర్టులో ఉంటే చాలు, స్టేషన్ అంతా తయారై ఒక ద్వారం దగ్గర ఆగిపోతుంది. ఇవన్నీ అయ్యాక పరీక్షా పరుగులు, ఆ తరువాత మెట్రో రైలు భద్రతా కమిషనర్ తనిఖీ.

మీ రెండో ప్రశ్న రోడ్డు గురించి. రెండు పద్ధతులున్నాయి. కింది నుంచి పైకి కట్టే పద్ధతిలో గుంత పూర్తిగా తవ్వి, అడుగు స్లాబు నుంచి ఒక్కో అంతస్తు లేపుకుంటూ వస్తారు. రోడ్డు ఆఖరున తిరిగి వస్తుంది. పై నుంచి కిందికి కట్టే పద్ధతిలో గోడలు, స్తంభాలు ముందు దింపి, పై కప్పు పోసి, మట్టి కప్పి రోడ్డు తెరిచి, ఆ కప్పు కింద తవ్వుకుంటూ పోతారు. రెండోది చెన్నైలో డయాఫ్రం గోడలున్న చోట బాగా కుదురుతుంది. బెంగళూరులో దానికి రెండు అడ్డంకులు. కప్పు కింద రాతిని పేల్చడం, ముక్కలను చిన్న ఖాళీ గుండా పైకి చేరవేయడం చాలా నిదానం, ఖర్చు కూడా ఎక్కువ. రెండోది, కప్పు పోయడానికైనా మొదట రోడ్డును సగం సగం మూయాలి. సగం రోడ్డు మీద ట్రాఫిక్ నడవాలంటే రోడ్డు వెడల్పుగా ఉండాలి. ఎంజీ రోడ్డు స్టేషన్ కోసం 2019 జూన్‌లో కామరాజ్ రోడ్డును మూసినప్పుడు ఎంత గొడవ జరిగిందో అందరికీ తెలుసు. అంతకంటే ఇరుకైన మీ ప్రాంతంలో సగం మూసి సగం తెరవడం కాగితం మీదే సాధ్యం.

ఎంజీ రోడ్డు పేరు వచ్చింది కాబట్టి పాత స్టేషన్‌కు కొత్తది అతికించే పని గురించి కూడా చెప్పాలి. అక్కడ 2011 నుంచి నడుస్తున్న ఎత్తైన స్టేషన్‌కూ, కొత్త భూగర్భ స్టేషన్‌కూ జోడింపు అవసరం. నడుస్తున్న స్టేషన్‌లో ఏ గోడ తెరవాలన్నా చివరి రైలు వెళ్లి, విద్యుత్తు తీసి, అనుమతి పత్రం చేతికి వచ్చాకే మొదలుపెట్టాలి. తెల్లవారుజామున మొదటి రైలుకు ముందే సామాన్లు సర్ది, నేల కడిగి, ఒక్క మేకు కూడా మిగలలేదని సంతకం చేసి అప్పగించాలి. చేతికి దొరికేది మూడు గంటలు, బాగా జరిగితే ఇంకాస్త. నేను చూసిన ఒక గోడ కోతలో వజ్రపు తీగ రంపం బిగించడానికి, విప్పడానికి పట్టిన సమయమే కోతకు పట్టిన సమయం కంటే ఎక్కువ.

ఈ ఒత్తిడిలో రైళ్లు నడుస్తుండగానే పని చేసేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. లండన్‌లో 1890లో తెరిచిన సిటీ అండ్ సౌత్ లండన్ రైల్వే సొరంగాలు మూడు మీటర్లకు కాస్త మించిన వ్యాసంతో మరీ ఇరుకుగా ఉండేవి. 1920ల్లో వాటిని వెడల్పు చేస్తూ, పగలు రైళ్లు నడుపుతూ రాత్రులు పని సాగించారు. 1923 నవంబరు 27న ఒక రైలు తాత్కాలిక ఆధారాన్ని తాకడంతో పైనుంచి నేల కూలింది. మరుసటి రోజే మార్గం మొత్తం మూసి, 1924 డిసెంబరులో గాని తిరిగి తెరవలేదు. అదే నగరంలో ఇటీవల బ్యాంక్ స్టేషన్‌ను విస్తరించినప్పుడు, కొత్త సొరంగాన్ని పాతదానితో కలపడానికి 2022 జనవరి నుంచి మే వరకు ఆ స్టేషన్ గుండా పోయే మార్గపు శాఖను ముందే ప్రకటించి మూసేశారు. మూయడం అసమర్థత కాదన్నది ఆ రంగంలో ఉన్నవారు చాలాకాలం కిందటే ఒప్పుకున్న సంగతి. ముందే చెప్పకుండా మూయడం, చెప్పిన తేదీని నాలుగుసార్లు మార్చడం మాత్రం అసమర్థతే. ఆ విషయంలో మీ కోపం న్యాయమైనది.

చిన్నగా కట్టి త్వరగా ముగించవచ్చు కదా అని కొందరు అడుగుతారు. బెంగళూరు మెట్రో మూడు పెట్టెల రైళ్లతో మొదలై, 2018 జూన్ నుంచి ఆరు పెట్టెలకు మారుతూ వచ్చింది. ప్లాట్‌ఫాంలను మొదటే ఆరుకు సరిపడా కట్టారు కనుక అది జరిగింది. భూమి కింద కట్టిన ప్లాట్‌ఫాంను తరువాత పొడిగించడం కొత్త స్టేషన్ కట్టడం కంటే కష్టం.

మీకు పనికొచ్చే గుర్తులు కొన్ని చెబుతాను. టీబీఎం వార్తలను పక్కన పెట్టి వీటిని గమనించండి. గ్యాంట్రీ క్రేన్ విప్పేశారంటే స్లాబుల్లోని ఖాళీలు మూయడం దగ్గరపడింది. ట్రక్కులు మట్టి బయటికి తీసుకెళ్లడం మాని లోపలికి తేవడం మొదలుపెడితే పై కప్పు పూర్తయి, దాని మీద నింపుతున్నారని అర్థం. రోడ్డు తిరిగి వచ్చే పని అప్పుడు నెలల లెక్కలోకి వస్తుంది. ఊట నీటిని తోడే పంపు ఆగడం కూడా మంచి గుర్తే. నీటి మట్టం పైన ఉన్న చోట ఖాళీ స్టేషన్ పెట్టె, మూత బిగించి నీళ్లలో ముంచిపట్టిన బిందెలా పైకి లేవాలని చూస్తుంది. కప్పు, దాని మీది మట్టి బరువు చేరేదాకా పంపును ఆపే ధైర్యం ఎవరూ చేయరు. రోడ్డు తెరిచినంత మాత్రాన రైలు వస్తుందని కాదు, ఆ రెండింటి మధ్య ఏడాదికి పైగా ఉండవచ్చు. దుకాణానికి కావలసింది మొదటిదే కాబట్టి ఇది మీకు మంచి వార్తే అనుకోవాలి.

దుకాణం గోడలో సన్నని బీటలు ఉన్నాయని ప్రశ్న చివర ఒక్క వాక్యంలో రాశారు. పని మొదలయ్యే ముందు ప్రభావ పరిధిలోని కట్టడాలకు ఫొటోలతో సర్వే చేస్తారు. మీ దుకాణానిది జరిగిందో లేదో కనుక్కొని, ఆ నివేదిక ప్రతిని రాతపూర్వకంగా అడగండి. ఇప్పుడున్న ప్రతి బీటకూ రెండు చివర్లలో పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయండి, స్కేలు పెట్టి ఫొటో తీయండి. బీట ఆ గీత దాటి పాకితేనే అది కదులుతున్నట్టు. సున్నం కింద దాగిన పాత బీట, పని వల్ల వచ్చిన కొత్త బీట చూడటానికి ఒకేలా ఉంటాయి. నష్టపరిహారం మాట వచ్చినప్పుడు తేడా చెప్పగలిగేది ఆ తేదీలే. తలుపులు, షట్టరు ఉన్నట్టుండి బిగుసుకుపోతే మాత్రం గీతల దాకా ఆగకుండా అదే రోజు సైట్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.